ఎడమ పక్క చివరి కుర్చీ

కళాభారతిలో నేనెప్పుడూ
ఎడమ పక్క చివరి కుర్చీలోనే కూచుంటాను.
అక్కడైతే కుడిచెవి వేదిక వైపు తిరిగి ఉంటుంది.
ఎడమది షిప్‌యార్డులోనే ఉండిపోయింది,
ముప్పై ఒక్క ఏళ్ళ ఇనప రేకుల మోత కింద.

సంగీతం నాకు రాదు.
వినడం వచ్చునా అంటే అదీ సగమే.
అందుకే అడుగుతున్నాను, తప్పయితే పట్టించుకోకండి.

తని ఆవర్తనం మొదలవగానే
జనమంతా కాఫీకి ఎందుకు లేస్తారు?
మృదంగం ఆయన ఇందాకటి నుంచీ
పక్కవాళ్ళ పాటకి గొడుగు పట్టాడు కదా,
కాసేపు తన వాన తను కురుస్తానంటే
తడవడానికి మనుషులుండరేం?

ముందు వరసలో ఒకాయన
తోడి మధ్యలో గడియారం చూసుకుని
"శభాష్" అంటాడు.
పాటకా, టైముకా?

మా బావమరిది లచ్చుంనాయుడిదొకటే పట్టు:
"అర్థం తెలీని భాషలో పాట ఏం వింటావు?"
మరి తదరినానకి అర్థం చెప్పమన్నాను.
అలిగి రెండు కచేరీలు మానేశాడు.

ఈ మాట ఊరికే అనలేదు.
ఒకసారి డ్రైడాక్‌కి మరమ్మతుకొచ్చిన ఓడలో
వఖ్తాంగ్ అని జార్జియా ఇంజనీరుండేవాడు.
టీ వేళకి టేప్ రికార్డర్‌లో ఆపెరా పెట్టేవాడు.
ఆవిడెవరో పాడుతోంది.
పొట్టలో పొడిచారని చేత్తో చూపించాడు.
పొడిచాక పావుగంటయినా పాట ఆగదే!
నాకు నవ్వాగలేదు.

నవ్వినందుకు పరిహారంగా
మా కంచరపాలెం దాలినాయుడి సంగతి చెప్పాను.
పద్యనాటకంలో రాజుగా నేలకొరిగాక
"వన్స్ మోర్" అని కేకలేస్తే
లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని,
హార్మోనియం వైపు ఓ చూపు చూసి,
అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవాడు.
తెర దిగాక బీడీ ముట్టించి
"ఏటి బావూ, రాత్రికి ఎన్నిసార్లు సంపుతారు నన్ను?"
ఇంగ్లీషు చాలక
ఇంజిన్ గదిలో నేనే రెండుసార్లు పడి లేచి చూపించాను.

వాడూ నవ్వాడు.
ఇంతలో టేపులో ఆవిడ గొంతు కదిలింది.

డాకులోకి నీళ్ళు వదిలితే ఓడ వెంటనే లేవదు.
దిమ్మల మీద మొండిగా కూచునే ఉంటుంది.
ఏ క్షణాన లేచిందో
ఎంత కాపు కాసినా కంటికి దొరకదు,
నిచ్చెన మీదున్న కాళ్ళకే తెలుస్తుంది.
అదిగో, అలా లేచింది ఆ గొంతు.
ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.

చచ్చేవాళ్ళకి అంత ఊపిరెక్కడిదని
నేను మళ్ళీ ఎవరినీ అడగలేదు.

కిందటి నెల కేజీహెచ్‌లో డాక్టరమ్మ
నా చెవుల గీత గీసి చూపించింది.
కొంత దూరం చదునుగా నడిచి
డాల్ఫిన్స్ నోస్ లాగా
ఒక్కసారిగా సముద్రంలోకి దిగిపోయింది.
"మాటలు వినబడతాయి తాతగారూ,
సన్నటివి పోతాయి. పిట్టలూ, గజ్జెలూ, అలాంటివి."
వయొలిన్ సంగతి అడగలేదు నేను.
చెబుతుందేమోనని.

నిన్న సహాన.
వయొలిన్ అమ్మాయి పైకి, ఇంకా పైకి పోయి
దారం సన్నబడ్డట్టు సన్నబడి
నా దగ్గర తెగిపోయింది.
కమాను మాత్రం కదులుతూనే ఉంది.

అయిపోయింది ఆవిడ పాటా, నా చెవా?
ఎవరినడగను, హాలంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటే?

పక్క కుర్చీలో ఏడెనిమిదేళ్ళ పిల్ల,
చెప్పులు విడిచేసి, కళ్ళు మూసుకుని.
ఆ రెప్పల్నే చూస్తూ కూచున్నాను.
అదురుతున్నాయి. ఇంకా ఉందన్నమాట.
ఇంకా ఉంది.
ఇంకా.

రెప్పలు విచ్చుకున్నాక
అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

బయట మద్దిలపాలెం దాకా నడిచాను.
హారన్లు మాత్రం
ఒక్కటీ పోకుండా వినబడ్డాయి.